వియ్యంకుడి ఆకుపచ్చ స్టాంపు

మా అమ్మాయిని చూడటానికి వచ్చిన రోజు మా వియ్యంకుడు మా అమ్మాయిని చూడలేదు. ఈ మాట నేను ఇప్పటికీ పదిమందిలో అంటుంటాను, ఆయన ఇప్పటికీ గతుక్కుమంటారు. ఆ రోజు ఎల్బీనగర్‌లో మా హాలు నిండా చుట్టాలు. పిల్లలిద్దరూ అప్పటికే ఒకరినొకరు ఖాయం చేసుకుని ఉన్నారు గనక పెద్దవాళ్ళం చేయవలసిందల్లా మిర్చీబజ్జీలు తిని సరేననడమే. అంతలో ఆయన చూపు టీవీ కింది అరలో ఉన్న నా ఆల్బం మీద పడింది.

"అవి స్టాంపులాండీ?" అన్నారు.

అవునన్నాను. ఆయన చొక్కా జేబులోంచి భూతద్దం తీశారు. పెళ్ళిచూపులకు భూతద్దం వెంట తెచ్చుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పిల్లను దాంతో చూస్తారేమోనని మా ఆయన మొహం పాలిపోయింది.

ఆయన చూసింది నా స్టాంపుల్ని. మేమిద్దరం కిటికీ పక్కకు జరిగి ఆల్బం తెరిచాం. పిల్లవాడి తల్లి, అంటే మా వదినగారు, రెండుసార్లు పిలిచారు. మూడోసారి గొంతు పెంచి, "ఏవండీ, మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు. ఈయన తల ఎత్తకుండా, "ముందు పళ్ళు లెక్కపెట్టాలి. పదమూడయితే బాగుంటుంది, పధ్నాలుగయితే మామూలే" అన్నారు. మా మేనత్త చివాలున లేచింది. "మా పిల్లకు ముప్పై రెండు పండ్లున్నయ్. ఒక్కటి గూడ ఊగుతలేదు" అంది. స్టాంపు చుట్టూ ఉండే రంపం అంచును మేం పళ్ళంటామని, రెండు సెంటీమీటర్ల పొడవులో అవి ఎన్ని ఉన్నాయో చూస్తే అది ఏ ముద్రణదో తెలుస్తుందని ఆవిడకు నచ్చజెప్పేసరికి బజ్జీలు చల్లారాయి. సంబంధం మాత్రం కుదిరింది.

వాళ్ళది గుంటూరు వైపు. మా అమ్మాయి పుట్టకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డా ఆయన ఇప్పటికీ "అండీ" లేకుండా వాక్యం ముగించరు. మాది నల్లగొండ దగ్గర పల్లె. నేను "జర" అనకుండా వాక్యం మొదలుపెట్టను. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పనిచేసి మానేశాను. ఊళ్ళ నుంచి దరఖాస్తులు వచ్చే కవర్ల మూలలు కత్తిరించి పర్సులో వేసుకోవడంతో నా పిచ్చి మొదలైంది. ఆయన పిచ్చి నిక్కర్ల వయసులోనే మొదలైందట. వరసకు ఆయన నాకు అన్నయ్యగారు, నేను ఆయనకు చెల్లెమ్మ. వియ్యాలవారి మధ్య ఎకసెక్కాలు ఎటూ తప్పనివే. మేము వాటిని స్టాంపుల మీదికి మళ్ళించాం.

మా పిల్లల పెళ్ళికి ఆయన ఒకరోజు ముందే ఫంక్షన్ హాలుకు వచ్చి కూర్చున్నారు. ఇంకా కుర్చీలు కూడా దించలేదు. ఇంత పెందలాడే ఎందుకొచ్చారంటే ఛాతీ విరుచుకుని చెప్పారు. "నాకది అలవాటండీ. మా ఆవిడ అక్కగారి పెళ్ళికి, అప్పటికి నేను కుర్రాణ్ణి, ఒకరోజు ముందే వెళ్ళి దగ్గరుండి పందిరి కట్టాను. అది చూసి ముచ్చటపడే మా మామగారు నాకు రెండో పిల్లనిచ్చారు." ఆ కథ ఆ రెండు రోజుల్లో క్యాటరింగ్ వాళ్ళతో సహా అందరికీ చెప్పారు. వదినగారు పక్కనుండి తల ఊపుతూనే ఉన్నారు. ఈ పందిరి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ పిచ్చి అంటనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. రోజువారీ ఉత్తరాల మీద అంటించే స్టాంపు ఒకసారి అచ్చువేసి వదిలేసేది కాదు. అదే బొమ్మ, అదే ధర, ఏళ్ళ తరబడి అచ్చవుతూనే ఉంటుంది. మధ్యలో కాగితం మారుతుంది, సిరా మారుతుంది, చిల్లులు పొడిచే యంత్రం మారుతుంది. పైకి మాత్రం అన్నీ కవల పిల్లలే. ఏది ఏ ముద్రణదో విడదీయడమే మా పని. మా ఆయన దృష్టిలో ఇది పనే కాదు. "రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్ గదనే" అంటాడు. ఒక్కతీరుగా ఉన్నాయి కాబట్టే సరదా అంటే, పప్పులో రాళ్ళేరడం కూడా అంతే సరదాగా ఉంటుందేమో చూడమంటాడు.

అన్నయ్యగారిది పుస్తకాల విద్య. క్యాటలాగు, పళ్ళ స్కేలు, పట్టకారు లేకుండా స్టాంపు ముట్టుకోరు. నాది వంటింటి విద్య. చెక్కిన పలక నుంచి అచ్చయిన స్టాంపు మీద సిరా కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది. దాని మీద పల్చటి అల్యూమినియం కాగితం పరిచి వేలితో రుద్దితే బొమ్మ గీతలు ఆ కాగితంలోకి ఎక్కుతాయి. మామూలు నున్నటి అచ్చయితే ఏమీ ఎక్కవు. ఆ కాగితం నేను బిర్యానీ పార్సిల్ నుంచి చించుకుంటాను. ఇక కాగితంలో దాగి ఉండే నీటిగుర్తు కనిపించాలంటే స్టాంపును నల్లటి పళ్ళెంలో బోర్లించి రెండు చుక్కల పెట్రోలు వేయాలి. ఆ పెట్రోలు మా ఆయన స్కూటర్‌ది. ఆయనకు ఆ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది.

మేము ఎప్పుడు వాదించుకున్నా అన్నయ్యగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు పట్టుకుని చూపించినా, "అది తోకండీ" అంటారు.

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టీ హోటల్లో మాలాంటివాళ్ళం నలుగురైదుగురం కలుస్తాం. ఇదివరకు గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మామిడికాయల లారీల వల్ల ఆటో కదలట్లేదని ఆలస్యానికి సాకు చెప్పేదాన్ని. మార్కెట్ వెళ్ళిపోయింది, ఆటో ఇప్పటికీ కదలదు, సాకు మాత్రం పోయింది. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి అన్నయ్యగారు అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నారు. ముందున్న టీ మీద మీగడ కట్టింది. అందరం చేరేదాకా ఆగి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు.

అందులో ఒక స్టాంపు. దాని మీద బొమ్మ ఏమిటో చెప్పను. చెబితే ఈ వ్యవహారం ఎవరిదో మా పిచ్చివాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇంటింటికీ వచ్చిన మామూలు నీలం స్టాంపు అనుకోండి. పాత కవర్ల కట్టల్లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. కానీ ఆయన పెట్టింది నీలంగా లేదు. ఆకుపచ్చగా ఉంది.

"నా చిన్ననాటి ఆల్బంలోదండీ. పెళ్ళికి ముందుది. అటక మీద నుంచి దించాను" అన్నారు.

ఒకరు ఎండకు మారి ఉంటుందన్నారు. ఒకరు నీళ్ళలో నాని రంగు దిగి ఉంటుందన్నారు. ఆయన ఆ ప్రశ్నల కోసమే కాచుకుని ఉన్నారు. "పోస్టాఫీసు ముద్ర చూడండి. నల్లసిరా పైన ఉంది, ఆకుపచ్చ దాని కింద ఉంది. అంటే పోస్టులో పడే నాటికే ఇది ఆకుపచ్చ. ఎండ కాదు, నీళ్ళు కాదు. అచ్చులోనే వేరే సిరా పడిందండీ." అందరూ వంతులవారీగా ఆ కవరును కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. నేనూ చూశాను. నాకు అసూయ కావలసినంత పుట్టింది.

ఆయన తొందరకు ఒక కారణం ఉంది. నగరంలో స్టాంపుల ప్రదర్శన దగ్గరపడుతోంది. ఆయన ప్రతిసారీ పాల్గొంటారు, ప్రతిసారీ "పాల్గొన్నందుకు" అని ఒక కాగితం ఇచ్చి పంపుతారు. ఆ కాగితాలన్నీ ఫ్రేములు కట్టించి వాళ్ళ హాల్లో గోడకు వరసగా తగిలించారు. వరస చివర ఒక మేకు ఖాళీగా ఉంటుంది. పతకం కోసం ముందుగానే కొట్టిన మేకు అది. వదినగారు దానికి గొడుగు తగిలిస్తారు. వానలు లేని నెలల్లో కూడా ఆ గొడుగు అక్కడే ఉంటుంది.

"ఈసారి గొడుక్కి వేరే చోటు చూడాలండీ చెల్లెమ్మా" అన్నారు ఆ రోజు, మెట్లు దిగుతూ. పిల్లవాడిలా రెండేసి మెట్లు దిగుతున్నారు. ఆ స్టాంపు ముద్రణలన్నిటినీ వరసగా పేర్చి, సరిగ్గా మధ్య పేజీలో ఈ ఆకుపచ్చను ఒంటరిగా కూర్చోబెట్టాలని ఆయన ప్రణాళిక. గుంటూరులో ఉన్న చుట్టాలకు కూడా ఫోన్లు వెళ్ళిపోయాయి.

నేను ఊరుకునే రకం కాదు. ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా భూతద్దంతో ఆ స్టాంపును చూశాను. బొమ్మ చుట్టూ ఉండే తెల్లటి అంచు తెల్లగా లేదు. పసుపు జీర ఉంది, అది కూడా ఒక మూల దట్టంగా, ఇంకో మూల పల్చగా.

"అన్నయ్యగారూ, సిరా మారితే బొమ్మ రంగు మారాలె. సిరా తగలని అంచు ఎందుకు మారింది?"

"పాత కాగితం కదా చెల్లెమ్మా, వయసండీ. నా జుట్టు రంగు మారలేదూ?"

"మీ జుట్టు అంతటా ఒక్కతీర్గ మారింది. గిది మూలకొక్కతీరున్నది."

"అది తోకండీ" అన్నట్టే చూసి, కవరు నా చేతిలోంచి తీసేసుకున్నారు.

కొన్ని రోజులకు నల్లగొండ నుంచి మా చిన్నాయన కొడుకు, కూతురి పెండ్లికి పిలవడానికి వచ్చాడు. ఫోన్లో ఫొటో పంపినా, అక్క ఇంటికి స్వయంగా వచ్చి కార్డు చేతిలో పెట్టాలి గదా అని ఎండలో పడి వచ్చాడు. నేను కార్డు అందుకున్నాను. నాలుగు మూలలా పసుపు. నా బొటనవేలికి అంటింది. వేలు చూసుకున్నాను, కార్డు మూల చూసుకున్నాను, ఇక నవ్వు ఆగలేదు. సోఫాలో పడి నవ్వాను.

పాపం మా తమ్ముడు చిన్నబుచ్చుకున్నాడు. "ఏందక్కా? పిల్లగాని పేరు అంత నవ్వొచ్చేతట్టు ఉన్నదా?"

"పేరు మంచిగనే ఉన్నది తమ్ముడూ. పసుపు ఇంకా మంచిగున్నది" అన్నాను. వాడు నా ఆరోగ్యం గురించి మా ఆయన్ను విడిగా అడిగి వెళ్ళాడు.

తమ్ముడు గేటు దాటాడో లేదో నేను పోపులడబ్బా దించాను. అదే నీలం స్టాంపులు నా దగ్గర బోలెడున్నాయి. ఒకదానికి పసుపు ముద్ద అద్ది, ఆరాక మంచినీళ్ళలో ముంచి తీశాను. ఆకుపచ్చ! ఇంకోదానికి కాస్త తక్కువ, ఇంకోదానికి దండిగా. సాయంత్రానికి పళ్ళెంలో చింతచిగురు రంగు నుంచి గోంగూర రంగు దాకా వరసగా ఆరాయి. మా ఆయన వచ్చి చూసి, "ఏం పూజనే ఇది?" అన్నాడు. "మా అన్నయ్యగారికి" అన్నాను. ఆయన చెప్పులు విడిచిన చోటే మళ్ళీ వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. పర్సులో నా పచ్చలున్నాయి. అన్నయ్యగారు హాల్లో బల్ల మీద పేజీలు పరుచుకుని కూర్చున్నారు. మధ్య పేజీలో ఆ మహారాజు ఒక్కడే కొలువుదీరి ఉన్నాడు. నేను నవ్వు ఆపుకుని, వినయంగా ఒక స్టాంపు తీసి ఆయన ముందు పెట్టాను.

"అన్నయ్యగారూ, జర చూడుండ్రి. నాకు గూడ ఒకటి దొరికింది."

ఆయన మొహం ఒక్క క్షణం నల్లబడింది. కానీ మనిషి మర్యాదస్తుడు. భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, నిట్టూర్చి, "అసలుదే చెల్లెమ్మా. అనుమానం లేదు. కాకపోతే నాది మొదటి ముద్రణ, మీది రెండోది. సిరా కాస్త పలచనండీ" అన్నారు.

నేను ఇంకోటి తీశాను. దాన్ని చూసి, ఇది మూడో ముద్రణ కావచ్చునన్నారు. మరొకటి తీశాను. ఈసారి ముద్రణ సంఖ్య చెప్పలేదు. ఆ తర్వాతది బల్ల మీద పెట్టేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పూట నేనే పిల్లిని. ఎంత హాయిగా ఉందో చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది.

"ఇన్ని ఎక్కడివండీ?" అన్నారు చివరికి.

"మా వంటింట్ల అచ్చయినయ్ అన్నయ్యగారూ. పోపులడబ్బల కెల్లి."

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు తీరిగ్గా విడమరిచాను. శుభలేఖకు పసుపు ఎక్కడ పెడతారు? నాలుగు మూలలా. స్టాంపు ఎక్కడ అంటిస్తారు? పైన కుడి మూల. పసుపు ఇంట్లో పూస్తారు, పోస్టాఫీసు ముద్ర ఆ తర్వాత పడుతుంది. అందుకే నల్లసిరా పైన, పచ్చ కింద. ఆయన వాదననే తిప్పి ఆయనకు వడ్డించాను.

"ఇది పసుపేనని రుజువేమిటండీ?" అన్నారు.

"సబ్బునీళ్ళు. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగైతది. చీరె మీద ఎన్నిసార్లు చూడలే మేము?" వాష్‌బేసిన్ దగ్గర సబ్బు తడిపి తెచ్చి, నా స్టాంపు మీద ఒక చుక్క వేశాను. మా కళ్ళ ముందే ఎర్రబడింది. రెండో చుక్కకు చెయ్యి ఆయన మధ్య పేజీ వైపు చాచాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"వద్దు చెల్లెమ్మా" అన్నారు. ఆ మాటలో అండీ లేదు.

ఆయన చేతులు ఆ స్టాంపు మీద అలాగే ఉన్నాయి. ఆయన వెనక గోడ మీద ఆ కాగితాల వరస, చివర మేకు, మేకుకు గొడుగు. నాకు గెలిచిన సంబరం సగం అక్కడే చల్లారింది. ఎందుకు తల్లీ ఇంత ఆరాటపడి వచ్చావు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడే వదినగారు కాఫీలు తెచ్చారు. "ఏంటండీ, బల్లంతా పసుపూ సబ్బూను? పిల్లాడికి స్నానమా?" అన్నారు. జరిగింది నేనే చెప్పాను. ఆవిడ వంగి ఆ పచ్చ స్టాంపును చూశారు. స్టాంపుల వైపు ఆవిడ అంతసేపు చూడటం నేనెప్పుడూ ఎరగను.

"ఎవరి శుభలేఖదండీ ఇది?" అన్నారు.

"గుర్తులేదు" అన్నారాయన.

ఇక్కడ నా నోరు ఊరుకోలేదు. "గుర్తులేకపోవుడేంది అన్నయ్యగారూ? నా ఆల్బంల ఏ స్టాంపు ఎక్కడిదో నాకన్న మీకే బాగ ఎరుక."

ఆయన నన్ను చూసిన చూపుకు కాఫీ ఇంకాస్త కాగి ఉండాలి. తర్వాత భార్య వైపు తిరిగి, "మీ అక్కయ్య పెళ్ళిదే" అన్నారు.

వదినగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మా అక్కయ్య శుభలేఖలన్నిటికీ పసుపు పూసింది నేను. స్టాంపులు అంటించడం అయ్యాక నా ముందు కుప్ప పోశారు. మా అమ్మ ఒకటే తిట్టు, మూలకు ముట్టిస్తే చాలదా, కూరలో వేస్తున్నావా అని." ఆగి, "మరి ఆ కార్డు ఏదండీ?" అన్నారు.

"కార్డు... అప్పట్లో..."

"ఏం చేశారు?"

లెక్కల మాస్టారు కదా, చెప్పడం మొదలుపెట్టాక మెట్టు మెట్టుగా చెప్పారు. అది కవరులేని మడత కార్డు. పోస్టుమాన్ ఇచ్చి వెళ్ళగానే, వాళ్ళ నాన్నగారు పొలం నుంచి రాకముందే ఈయన కత్తెర పట్టుకున్నాడు. స్టాంపును అంచు దగ్గరగా కత్తిరిస్తే పళ్ళు దెబ్బతింటాయి, అందుకని చుట్టూ జాగా వదిలి కత్తిరించడం మా పిచ్చివాళ్ళందరి పద్ధతి. ఈయన ధారాళంగా జాగా వదిలాడు. కార్డు లోపలి పొర కూడా తెగి వచ్చింది. ఆ లోపలి ముక్క మీద ముహూర్తం తేదీ ఉంది. అది చూసుకునే లోపు ముక్క నీళ్ళలో ఉంది, కాసేపటికి స్టాంపు ఊడి వచ్చింది, కాగితం పిప్పి అయింది. మిగిలిన కార్డును కూడా మాయం చేసేశాడు. తండ్రి వచ్చి పెళ్ళెప్పుడురా అంటే, చదివానని, నోటికొచ్చిన తేదీ ఒకటి చెప్పాడు.

"ఒక్కరోజే తేడా వచ్చింది" అన్నారు, అదేదో మంచి మార్కులైనట్టు.

నాకు పందిరి గుర్తొచ్చింది. వదినగారికి నాకన్నా ముందే గుర్తొచ్చి ఉంటుంది.

"అంటే మీరు ఒకరోజు ముందొచ్చింది పందిరి కట్టడానికి కాదా?"

"వచ్చాక ఖాళీగా కూర్చుంటే బాగుండదని కట్టానే."

"మా నాన్న పోయేదాకా చెప్పుకున్నారండీ. పెద్దల్లుడు తాళి కట్టడానికొచ్చాడు, చిన్నల్లుడు పందిరి కట్టడానికొచ్చాడూ అని. ఊరంతా చెప్పారు. మీ ఇంటిల్లిపాదీ బండి దిగేసరికి మా ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. మీ అందరికీ అప్పటికప్పుడు ఉప్మా చేసింది ఎవరనుకున్నారు?"

"ఉప్మా చాలా బాగుంది" అన్నారు అన్నయ్యగారు.

వదినగారు అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నేనూ అందుకున్నాను. ఆయనొక్కరే పేజీలు సర్దుతూ కూర్చున్నారు. మా నవ్వు తగ్గాక నెమ్మదిగా అన్నారు, "ఈ పేజీ తీసేస్తే మిగిలినదంతా పోయినసారి చూపించిందేనండీ. మళ్ళీ ఆ కాగితమే ఇస్తారు."

నేను చప్పున అన్నాను. "తీయకుండ్రి. నేనెవ్వరికీ చెప్ప. జడ్జీలు సబ్బు పట్టుకొని వస్తరా ఏంది?" నిజంగానే అన్నాను. ఆయన బాధ చూడలేక అన్నది సగం, జడ్జీలు మా పోపులడబ్బాకు పతకమిస్తే చూడాలన్న ఉబలాటం సగం.

వదినగారు లేచి వెళ్ళి మేకుకున్న గొడుగు తీసి తలుపు మూలన పెట్టారు. "మీ ఇష్టం. మేకు ఖాళీ చేశాను" అని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా ఆయన నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "చెల్లెమ్మా, 'రంగు తేడా, పరిశీలనలో ఉంది' అని రాస్తే అబద్ధమవుతుందంటారా?" అని ఒకసారి. అబద్ధమెందుకవుతుంది, పరిశీలించింది నేనే గదా అన్నాను. "పోనీ ఏమీ రాయకుండా వదిలేస్తేనో?" అని ఇంకోసారి. మా ఆయన పక్కనుంచి విని, ఇద్దరూ పసుపు కుంకుమలు పంచుకున్నట్టు ఈ ముచ్చట్లేందని విసుక్కున్నాడు. చివరికి పేజీలు ఇచ్చేసి వచ్చానని మాత్రం చెప్పారు. ఏం రాశారని అడిగితే, వచ్చి చూడమన్నారు.

ప్రదర్శన రోజున నేనూ మా ఆయనా వెళ్ళాం. హాల్లో వరసగా అద్దాల బోర్డులు, వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడిచే జనం. మా వియ్యంకుడి బోర్డు ఎక్కడో వెతకనక్కర్లేకపోయింది. అన్నిటికన్నా ఎక్కువ గుంపు దాని ముందే ఉంది, పైగా వాళ్ళు నవ్వుతున్నారు. తోసుకుని ముందుకు వెళ్ళాను. మధ్య పేజీలో ఆకుపచ్చ స్టాంపు అలాగే ఒంటరిగా ఉంది. దాని కింద ఆయన గుండ్రటి చేతిరాత.

"నీలం. మామూలు ముద్రణ. ముద్రణలో ఏ తేడా లేదు. పైన ఉన్నది పసుపు. పూసినది నా భార్య. అప్పటికింకా నా భార్య కాలేదు. ఈ స్టాంపును ఆవిడ అక్కగారి శుభలేఖ నుంచి కత్తిరించినప్పుడు ముహూర్తం తేదీ తెగిపోవడం వల్ల నేను ఆ పెళ్ళికి ఒకరోజు ముందు వెళ్ళాను. పందిరి కట్టడానికి కాదు."

మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "గీ స్టాంపు మాత్రం వేరే తీరున్నదే" అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక స్టాంపుకూ ఇంకో స్టాంపుకూ తేడా ఉందని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం ఫలితాలు చదివారు. మధ్య పేజీ ముద్రణలకు సంబంధించినది కాదని జడ్జీలు మార్కులు తగ్గించారు. అన్నయ్యగారికి మళ్ళీ "పాల్గొన్నందుకు" కాగితమే. అది గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని, "గొడుగు యథాస్థానానికేనండీ" అన్నారు నాతో. బాధ ఉంది, దాచుకోలేదు కూడా. కానీ ఆయన చూపంతా బోర్డు వైపే ఉంది.

అక్కడ వదినగారు పట్టుచీరలో నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచీ ఆ చోటు వదల్లేదట. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆగమని, చదవమని, చదివినవాళ్ళకు ఉప్మా సంగతి అదనంగా చెప్పి పంపుతున్నారు. గుంపు పలచబడ్డాక ఆయన వైపు చెయ్యి చాచి, "ఆ భూతద్దం ఇలా ఇవ్వండి" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ దాన్ని అడిగింది లేదు. ఆయన జేబు తడుముకుని, తీసి, తన చొక్కాకు తుడిచి మరీ ఇచ్చారు.

ఆవిడ అద్దానికి దగ్గరగా వంగి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మా అమ్మ అన్నది నిజమేనండీ. ఎక్కువే పూశాను" అన్నారు వదినగారు.